కొండదారి రేడియో చెప్పిన వరద

ఆ రోజుల్లో రేడియోలో ఎవరైనా గంభీరంగా మాట్లాడితే చాలు, నిజమేనని నమ్మేసేవాణ్ణి. కరోనా సద్దుమణిగి మళ్లీ పెళ్లిళ్లు మొదలైన కాలం. నేను దుబాయ్‌లో ఓ పూల వ్యానులో సాయంగా కొత్తగా చేరాను. డ్రైవరు నెల్లూరు భాయ్. ఓ ఉదయం నైఫ్ బజారులో మల్లెదండలు ఎక్కించుకుని కొండలకవతల ఉన్న కల్బా ఊరికి బయలుదేరాం. అక్కడ మా కోనసీమ అమ్మాయి పెళ్లి. (ఇళ్లల్లో పనిచేస్తూ తన పెళ్లి తానే చేసుకుంటున్న పిల్ల. దండలు రాందే పీటలెక్కనని ముందే చెప్పేసింది.)

కొండల్లోకి రాగానే ఫోన్లు మూగబోయాయి. దారి సంగతులకు రేడియో వినమంటూ రోడ్డు పక్కన సర్కారువారి బోర్డు కనిపించింది. ఏం చెబుతారో చూద్దామని తిప్పాను. గరగరల మధ్య ఓ ఆడగొంతు ఇంగ్లీషులో, "ముందు వాగులో వరద... వెళ్లేవారు..." అని ఆగిపోయింది. వెళ్లేవారు ఏం చేయాలి? భాయ్ బ్రేకు తొక్కేశాడు.

"ఇంత ఎండలో వరదేంటి భాయ్?"

"కొండల్లో అంతే తమ్ముడూ. ఆడ కురిస్తే ఈడకొస్తాది. సర్కారోళ్లు ఊరికే చెప్తారా?"

మిగతా ముక్క వినాలన్న కుతూహలంతో వ్యాను పైకెక్కి యాంటెనా పట్టుకున్నాను. (నేను చెయ్యెత్తితే ఆమె గొంతు పెరిగేది, దించితే నీరసించేది.) చివరికి, "వెళ్లేవారు వేరే దారి చూసుకోండి" అంది. ఏ దారో చెప్పలేదు. లోపల మల్లెలు వాడిపోతున్నాయి.

అంతలో కల్బా వైపు నుంచి నీళ్ల ట్యాంకరొకటి దుమ్ము రేపుకుంటూ వచ్చింది. "పానీ కహాఁ హై?" అని భాయ్ అడిగితే, పఠాన్ డ్రైవరు తన ట్యాంకు తట్టి, "పానీ? ఇసీ మే హై!" అన్నాడు. ఆ రేడియో పోయిన చలికాలం నుంచీ అదే పాడుతోందట. "యల్లా, జావో!" అంటూ మమ్మల్ని పొమ్మని చెయ్యూపాడు.

పెళ్లికూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆలస్యానికి కారణం చెబితే, "గోదారి వరదల్లో పుట్టినదాన్నండీ, నాకా వరద కబుర్లు? ముందా దండలివ్వండి!" అంది. పెళ్లి మాత్రం సమయానికే అయింది.

మరుసటి చలికాలం నిజంగానే వాన పడి, అదే వాగు ఎర్రగా పొంగి మా వ్యానును ఆపేసింది. రేడియో పెడితే ఆ గొంతే, "దారి సాఫీగా ఉంది, శుభప్రయాణం" అంది. నేనూ భాయ్ కడుపుబ్బ నవ్వాం.

ఇప్పుడా వ్యాను నేనే నడుపుతున్నాను. ఆ బోర్డు దాటేటప్పుడు ఇప్పటికీ రేడియో తిప్పుతాను. గరగర తప్ప ఏమీ రాదు. పాపం, ఆ గొంతావిడ ఎప్పుడైనా ఈ దారిన వెళ్లి ఉంటుందా అనుకుంటూ, మలుపు తిరిగేదాకా అలాగే వింటూ ఉంటాను.