తమాలెలు అలిగిన మధ్యాహ్నం

మిల్లులో పట్టించిన తడి మొక్కజొన్న పిండితో ఎర్లిండా కావాజోస్ పాత ట్రక్కు కాలవ గట్టు మీద ఎగిరెగిరి పడుతూ పోతోంది. ఎండలో చంటిబిడ్డను చంకనేసుకుని నడుస్తున్న ఒకామె కనబడగానే ఎర్లిండా బ్రేకు తొక్కింది.

"ఎక్కడికే పిల్లా?"

"బస్టాండుకు పెద్దమ్మా. నా పేరు దిల్సియా, మాది హోండురాస్. సాయంత్రం బస్సుకు ఒహాయోలో మా అక్క దగ్గరికి పోవాలి."

"అంత దూరమే! దారిలో ఏం తింటావ్?"

దిల్సియా నీళ్ల సీసా ఎత్తి చూపించింది.

"సరిపోయింది. ఎక్కు."

కావాజోస్ వాళ్లు తరతరాలుగా టెక్సస్ కొసన, రియో గ్రాండె నది ఒడ్డునే ఉన్నారు. ఎర్లిండాను చిన్నప్పుడు బళ్లో స్పానిష్ మాట్లాడిందని చేతులు వాచేలా కొట్టారు. నది దాటి మెక్సికో పోతే చుట్టాల పిల్లలు "అమెరికా దొరసాని" అని ఏడిపించారు. రెండు చోట్లా పరాయివాళ్లనిపించుకున్న కొందరికి దారిన పోయేవాళ్లంతా చుట్టాలైపోతారు. కొందరు గడప దగ్గరే కాపలా కూర్చుంటారు. ఎర్లిండా మొదటి రకం. ఆమె తమ్ముడు నియేవెస్ రెండోది.

ఇంటికి రాగానే ఎర్లిండా మాంసం కూరిన పిండిని మొక్కజొన్న పొత్తు ఆకుల్లో చుట్టి, తమాలెలు కుండలో ఆవిరికి పెట్టగానే నియేవెస్ మొదలెట్టాడు: "వచ్చేపోయే వాళ్లందరికీ వండిపెడతావా అక్కా? మన తాత ఎవరి చెయ్యీ చూళ్లేదు."

"చూళ్లేదు పాపం! పత్తి ఏరడానికి పోయినచోట ఆయన తిన్న చిక్కుళ్లు ఆకాశంలోంచి రాలాయి."

నియేవెస్ మూతి ముడిచాడు. ఎంతసేపైనా పిండి పచ్చిగానే ఉంది. బస్సు వేళ దగ్గరపడుతోంది. వంటింట్లో కోపిష్టి ఉంటే తమాలెలు అలుగుతాయని, ఆ మనిషే కుండ ముందు చిందేస్తే గాని ఉడకవని ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

"లేరా, ఆడు!" అంది ఎర్లిండా.

"నా మోకాళ్లు..."

"మా ఊళ్లో అరిటాకులో చుడతాం మావయ్యా," అంది దిల్సియా. "అవేం అలగవు."

"అరిటాకా! అదేం తమాలే? స్నానం చేయించిన రొట్టె!"

"అయితే మీవి ఉడికించి చూపించండి."

పౌరుషం పొడుచుకొచ్చింది. నియేవెస్ రేడియో పెంచి, బూట్లు టకటకలాడిస్తూ, బొజ్జ ఊపుతూ కుండ చుట్టూ తిరిగాడు. చంటిది కేరింతలు కొట్టింది. దాన్నీ ఎత్తుకున్నాడు. దిల్సియా కూడా అడుగు కలిపింది. కోపం ఏ తిప్పులో జారిపోయిందో అతనికే తెలియదు.

ఎర్లిండా మూత తీసింది. ఆవిరి గుప్పుమంది. ఆకు పిండిని అంటకుండా జారివచ్చింది, ఉడికిపోయాయి.

బస్టాండులో నియేవెస్ దిల్సియాకు పెద్ద మూట కట్టి ఇచ్చి, వరసలో ఉన్నవాళ్లందరికీ పంచడం మొదలెట్టాడు. "ఇవి కారం, ఇవి పిల్లలకి... తీసుకోవమ్మా, నేనే ఉడికించాను!"

బస్సు తలుపు తెరుచుకుంది. దిల్సియా పెద్దమ్మకు చెప్పిపోదామని వెనక్కి తిరిగింది. ఎర్లిండా అప్పటికే ఖాళీ కుండ నడుం మీద పెట్టుకుని, మురిసిపోతున్న తమ్ముణ్ణి కూడా పిలవకుండా, తనలో తాను నవ్వుకుంటూ, జనంలోంచి ట్రక్కు వైపు నడిచిపోతోంది.