బెల్లం ఎవరి దగ్గరుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం ఏరే పని నాది. రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో, రైల్వే స్టేషన్‌కి దగ్గరగా ఒక చెక్క ఇంట్లో ఉండేవాళ్ళం. అప్పటికి సైన్యం రాజ్యం చేస్తోంది. పబేడాన్ బజారులో మా నాన్న నడిపిన బట్టల కొట్టుని ప్రభుత్వం తీసేసుకుని, తలుపు మీద ఆయన పేరు చెరిపి ఒక నంబరు వేసింది. బయటి దేశాల సరుకు రావడం ఆగిపోయింది. మనవాళ్ళు ఒక్కొక్కరే పెట్టె సర్దుకుని ఇండియా ఓడెక్కుతున్నారు. మేము మాత్రం కదల్లేదు. మా తాతయ్య రానన్నాడు, ఆయన రానంటే మా ఇంట్లో పిల్లి కూడా గడప దాటేది కాదు. ఒకప్పుడు లోకానికంతటికీ బియ్యం పంపిన ఊళ్ళో మాకు కోటా బియ్యం దొరికేవి. అందులో సగం రాళ్ళేనని మా అమ్మ గొణుక్కునేది.

పక్కింట్లో ఒక బర్మా కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయికీ నాకూ ఒకే వయసు, పదేళ్ళు. ఒకే బడి, ఒకే బల్ల. నా బర్మా మాటలు ఆమె దిద్దేది. మా ఇంట్లో తిరిగి తిరిగి మా తెలుగు ఆమెకి వచ్చేసింది. మా తాతయ్యని వాళ్ళ భాషలో ఫోఫో అని పిలిచేది. తినేది ఏదైనా ఒక్కటే ఉంటే గౌను అంచు కప్పి కొరికి, కాకెంగిలి చేసి సగం ఇవ్వడం నేనే ఆమెకి నేర్పాను.

ఒకరోజు బళ్ళో స్వాతంత్ర్య పోరాటం పాఠం మొదలైంది. తెల్లవాళ్ళు ఈ దేశాన్ని ఎలా పట్టుకున్నారో, టేకునీ నూనెనీ బియ్యాన్నీ ఎలా తరలించుకుపోయారో టీచరమ్మ చెప్పింది. వాళ్ళ పనులకోసం కలాలను ఓడల్లో తెచ్చి దింపారని కూడా చెప్పింది. కలాలంటే మేమే, ఇండియా నుంచి వచ్చినవాళ్ళం. తరగతి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. నా స్నేహితురాలు బల్లమీద తన పుస్తకాన్ని నాకు దూరంగా జరుపుకుంది. ఇంటికొచ్చే దారిలో నాకంటే ముందు నడిచి, సందు మలుపులో ఆగి, "మరి మీ ఓడ ఎప్పుడు?" అని అడిగింది. నేనూ తక్కువ తినలేదు. మా తాత మూటలు మోయించకపోతే మీరేం తిని బతికేవారని అరిచాను. ఆ తర్వాత మూడు రోజులు మా మధ్య మాటల్లేవు. నాకు ఆమె తప్ప మరో స్నేహితురాలు లేదు. మనవాళ్ళ పిల్లలందరూ అప్పటికే వెళ్ళిపోయారు. ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఎందుకని తాతయ్య అడిగితే బళ్ళో జరిగిందంతా చెప్పాను.

మా తాతయ్య ఒకప్పుడు అహ్లోన్‌లో నది ఒడ్డున బియ్యం మిల్లులో మేస్త్రీ. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, వచ్చిన కూలీల్లో ఎవరి భుజం మీద కర్ర తాకిస్తే వాళ్ళకే ఆ రోజు పని. ఆ కర్రే ముసలితనంలో ఆయనకి చేతికర్ర అయింది. నాలుగోరోజు పొద్దున నేను వసారాలో చేట ముందు కూర్చున్నాను. ఆయన పేము కుర్చీలో కూర్చుని, అరచేతిలో రెండు తాటిబెల్లం ఉండలు పట్టుకుని, కర్ర నా భుజానికి తాకించాడు.

"అమ్మీ, బేగి ఏరీ. ఒక ఉండ నీకిత్తాను" అన్నాడు.

రెండూ ఇస్తేనే ఏరతానన్నాను. ఆయన నాతో బేరమాడలేదు. పక్కింటి వైపు తిరిగి ఆమెని పిలిచి, ఆమె భుజానికి కర్ర తాకించి, ఒక ఉండకే ఏరతావా అని అడిగాడు. ఆమె నా మొహం చూడకుండా నా ముందున్న చేట లాక్కుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సగం ఏరాక తాతయ్య మళ్ళీ నా భుజం తట్టి, ఒక ఉండకే ఒప్పుకుంటే పని నీదే, ఎంతైనా మన పిల్లవి కదా అన్నాడు. నేను తలూపాను. ఆమెని ఇంక వెళ్ళమన్నాడు, చేతిలో ఏమీ పెట్టకుండా.

ఆమె గుప్పెడు బియ్యం నా మొహాన కొట్టింది. నేను ఆమె జడ పట్టుకున్నాను. చేట బోర్లాపడి బియ్యం నేల చెక్కల సందుల్లోకి పోయాయి. మా అమ్మ పరిగెత్తుకొస్తే తాతయ్య చెయ్యెత్తి ఆపాడు. రొప్పుతూ మేమే ఆగి చూసేసరికి ఆయన కుర్చీలో కూర్చుని బుగ్గన బెల్లం పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

"బెల్లం ఎవుడి దగ్గరుంది?" అని అడిగాడు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఆమె లేచింది. కుర్చీ ఎదురుగా నిలబడి చెయ్యి చాపి, "మాది మాకియ్యి, ఫోఫో" అంది. నేనూ పక్కన నిలబడి చెయ్యి చాపాను. ఆయన మిగిలిన ఉండని మా రెండు చేతుల మధ్య పెట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆయన చెప్పిందే నాకు అసలు పాఠం. మిల్లులో మనవాళ్ళు కూలి పెంచమని పని మానేసి కూర్చుంటే, మిల్లు తెల్లదొర చెప్పినట్టే ఆయన బర్మావాళ్ళ భుజాలు తాకాడు. మనవాళ్ళు దిగిరాగానే బర్మావాళ్ళని పొమ్మన్నాడు. ఆ పొద్దున గేటు దగ్గర, మూటలు లాగే కొక్కేలతోనే ఒకళ్ళనొకళ్ళు కొట్టుకున్నారు. ఆయనతో రోజూ తమలపాకు పంచుకునే బర్మా మనిషి ఆయన కళ్ళముందే కూలిపోయాడు. దొర మేడమీద కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"మీ పంతులమ్మ అబద్దం సెప్పనేదు. తెల్లోడి ఓడలోనే వచ్చినాం. కర్ర నా సేతిలోనే ఉంది" అన్నాడు.

జనం కుర్చీ వైపు తిరగడానికి చాలా ఏళ్ళు పట్టిందని చెప్పాడు. రైతులు కత్తులు పట్టుకుని తుపాకుల మీదికి వెళ్ళి ఓడిపోయారు. విద్యార్థులు చదువులు వదిలి రోడ్డెక్కారు. నూనె బావుల కూలీలు రోజుల తరబడి నడిచి ఊళ్ళోకి వచ్చారు. జపాన్‌వాళ్ళు తెల్లవాళ్ళని తరిమితే కుర్రాళ్ళు సంబరపడ్డారు, తీరా చూస్తే కుర్చీలో జపాన్‌వాళ్ళే కూర్చున్నారు. మళ్ళీ వాళ్ళమీద తిరగబడాల్సి వచ్చింది. చివరికి తెల్లవాళ్ళూ పోయారు.

"కుర్చీ మాత్రం ఎవుడూ ఎత్తుకెల్లనేదు" అని తాతయ్య గొంతు తగ్గించాడు. మా అమ్మ వీధి తలుపు మూసింది.

మధ్యాహ్నం దాకా మేమిద్దరం చెక్కల సందుల్లోంచి పుల్లతో బియ్యం లాగాం. బెల్లం ఉండని ఆమె గౌను అంచు కప్పి కొరికింది. పెద్ద ముక్క నాకిచ్చింది.

చాలా ఏళ్ళకి, మాకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టాక, నేనింకా ఆ ఇంట్లోనే ఉండగా, జనం మళ్ళీ వీధులు నింపిన రోజులొచ్చాయి. ఈసారి వాళ్ళు సైన్యం కూర్చున్న కుర్చీ వైపే తిరిగారు. అంతలో ఎవరో, బియ్యం దొరక్కపోవడానికి కలాలే కారణమని, ఇళ్ళల్లో దాచారని పుకారు లేపారు. కొందరు కర్రలు పట్టుకుని మా సందులోకి వచ్చారు. పిల్లల్ని లోపలికి తోసి గుమ్మంలో నిలబడ్డాను. పుట్టింటికి వచ్చి ఉన్న నా స్నేహితురాలు, పక్కింట్లోంచి చేట పట్టుకుని వచ్చి మా గుమ్మంలో కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే బర్మాలో వాళ్ళని అడిగింది, బెల్లం ఎవరి దగ్గరుందో చూసి వచ్చారా అని. వాళ్ళకేమీ అర్థం కాలేదు. ఆమెని దాటి లోపలికి రాలేక వెళ్ళిపోయారు. అప్పుడు ఆమె నావైపు చూసి, అచ్చం మా తాతయ్య తెలుగులో, "కూకో, ఏరు" అంది.

తాతయ్య కర్ర ఇప్పుడు నా చేతికర్ర. నడుస్తుంటే పొరపాటున ఎవరి భుజానికైనా తగిలితే ఆగి క్షమించమంటాను. ఎవరైనా ఒక మనిషిని చూపించి, నీ నోటి దగ్గరి కూడు లాక్కున్నది వీడేనంటే, నేను ఆ మనిషి వైపు చూడను. వసారా అంతా కలయజూసి, కుర్చీ ఎక్కడ వేసుందో వెతుక్కుంటాను.