ట్యాంకి మూత మీద పసుపు

మా ఆయన పోయినంక ఆయన నడిపిన గడ్డి మిషనే నాకిచ్చిన్రు. గచ్చిబౌలిల అద్దాల ఆఫీసుల ముంగట గడ్డి కోసే పని. ఆయనున్నప్పుడే పక్కన నిలవడి నేర్సుకున్న. మిషనుంది కాబట్టి నిలవడి పని చేస్తుంటి. లేకుంటె మిగిలిన ఆడోళ్ల లెక్క ఎండల గొంతుకూసొని కలుపు పీకాలె. నా మోకాళ్లు అరిగినయి. కూసుంటె లేవరాదు. మిషన్ పోయిందంటె నా నడుము ఇరిగినట్టే.

దసరాకు ఆడ అన్నిటికి పూజ చేస్తరు. లిఫ్టులకు, జనరేటర్‌కు, మా గడ్డి మిషన్‌కు గూడ. దాన్ని నేనే కడిగి, తుడిసి, బండ మీద పెట్టిన. కలుపోళ్ల మీద పెద్దరికం చేసేది నాకు వదిన వరుసైతది. పసుపు గిన్నె పట్టుకొని వచ్చింది.

"నువ్వు జర అవుతల నిలవడవే. మొగడు సచ్చినదానికి బొట్టు పెట్టేకాడ ఏం పని?"

అందరు ఇన్నరు. సూపర్‌వైజర్ సారు సెల్లు సూసుకున్నడు. నేను పోయి చెప్పులిడిసిన కాడ నిలవడ్డ.

పండుగ తెల్లారి తాడు గుంజితె మిషన్ లేచింది. జర దూరం పోయి, దగ్గి, సచ్చింది. కొంచెం ఆగి గుంజితె మళ్ల లేచింది, మళ్ల సచ్చింది. ప్లగ్గు ఊడదీసి గరుకు కాయితంతోని గీకిన. ఫిల్టర్ల స్పంజి కడిగి ఆరేసిన. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోసిన. అదే దగ్గు.

వదిన గడ్డిల కూసొనే అందరికి ఇనవడేటట్టు అన్నది. "మొగన్ని మింగింది. ఇగ మిషన్‌ను మింగుతుంది."

ఆడోళ్లంత నవ్విన్రు. సారొచ్చి, "పెద్ద సార్లు వచ్చేలోపట గడ్డి కాకుంటె మిషన్ వేరేటోళ్లకిస్తనమ్మా, ఏమనుకోకు" అన్నడు.

పోసిన పెట్రోలు దిగుతున్నదా లేదా అని మళ్ల ట్యాంకి మూత తిప్పిన. బుస్సుమని లోపటికి గాలి గుంజుకున్నది. మూత లూజుగ పెట్టి తాడు గుంజితె ఆగకుంట నడిచింది. గట్టిగ బిగిస్తె సచ్చింది. అప్పుడు మూత దిక్కు సూసిన. దాని నడిమిట్ల సూదిమొనంత తొర్ర ఉంటది. పెట్రోలు తగ్గుతుంటె అండ్లకెల్లి గాలి లోపటికి పోవాలె, లేకుంటె పెట్రోలు కిందికి దిగదు. సరిగ్గ ఆ తొర్ర మీదనే వదిన పసుపు ముద్ద మెత్తి కుంకుమ పెట్టింది. ఎండి పెంకయింది. పూజ బొట్టు చెరపొద్దని నేను గూడ దాని సుట్టే తుడిసిన గని దాన్ని ముట్టలే.

పిన్నీసుతోని గీకి తొర్ర తెరిసిన. మిషన్ ఎప్పటిలెక్క ఉరికింది. మూత తీస్కపోయి సారుకు సూపెట్టిన. నోరు తెరిసేలోపటనే వదిన ఉరికొచ్చింది.

"సూసిన్రా సారూ! పండుగ బొట్టు గీకింది! ముండమోసింది గీకితె దేవుడు ఊకుంటడా?"

మూతల ఆమె బొట్టే సూసింది, తొర్ర సూడలే. సారు ఏదీ సూడలే. "లొల్లెందుకమ్మా, కొన్నాళ్లు కలుపుల కూసో" అని మిషన్ తీస్కపోయి, ఆడనే చెట్లకు నీళ్లు పట్టే వదిన మొగనికిచ్చిండు.

కూసున్న. పొద్దుగూకితె చెట్టు పట్టుకొని లేస్తుంటి. నేను లేస్తుంటె సూసి నవ్వెటోళ్లు.

మళ్ల దసరా వచ్చింది. ఈసారి మొగని మిషన్ కదా, వదిన పసుపు ఇంకింత మందంగ మెత్తింది, నన్నే సూసుకుంట. పండుగ తెల్లారి మిషన్ దగ్గుడు మొదలువెట్టింది. ఆమె మొగడు తాడు గుంజి గుంజి రెక్క పట్టుకొని కూసున్నడు. ప్లగ్గు గీకిండు. స్పంజి కడిగిండు. ఆఖరికి వదిననే నా ముంగటికొచ్చింది.

"జర సూడవే. నీకెర్కనే గద దాని సంగతి."

"వద్దొదినా. మొగడు సచ్చినదాన్ని. నా చెయ్యి పడొద్దు."

సారు ఆగి ఆగి మిషన్‌ను తుక్కు బండిల ఎక్కించిండు. వదిన మొగన్ని కలుపుల కూసోబెట్టిండు. ఇప్పుడు ముగ్గురం ఒక్క వరుసల పీకుతున్నం. ఆయన మోకాళ్లు గూడ పట్కుంటున్నయి.

బండి గేటు దాటేదాంక సూసిన. నా మొగడు పొద్దుగాల్ల తుడిసి తుడిసి నడిపిన మిషన్. పిన్నీసు నా జాకిట్‌కే ఉండె. తియ్యలే.