ఏ బొమ్మ నొక్కాడో

మా అన్నయ్యను డిపోలో అందరూ మైకు అనేవారు. బస్సు కండక్టరు. వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి లేచి తన స్టాపులో దిగేంత గొంతు. ఇంట్లో రహస్యం చెబితే పక్కింటివాళ్లు సలహా ఇచ్చేవారు. పెళ్లయిన కొత్తలో మా వదిన చెవులు మూసుకునేదట. పోనుపోను ఆ గొంతు వినపడకపోతే ఆమెకు ఇంట్లో పని తోచేది కాదు.

ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక తీసెయ్యాలి, ఇక మాట రాదు అన్నాడు డాక్టరు. "డిపోలో అందరూ హాయిగా నిద్రపోతారులే" అని అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వలేదు. రాసి చూపించడానికి ఆమెకు అక్షరమ్ముక్క రాదు. నేర్చుకోమని అన్నయ్య ఏళ్ల తరబడి పోరినా, "అన్నీ మీరు అరిచి చెబుతున్నారుగా, నాకు చదువెందుకు?" అని తప్పించుకుంది. వాళ్లిద్దరి మధ్యా ఉన్న దారి ఆ గొంతొక్కటే.

వాళ్లమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. "నీ గొంతు నేను దాచిపెడతా నాన్నా" అంది. ఫోన్లో బొమ్మలుంటాయట. గ్లాసు బొమ్మ నొక్కితే "నీళ్లు కావాలి" అని అన్నయ్య గొంతే పలుకుతుందట. ఆపరేషనుకు ముందు తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ ఇద్దరూ రికార్డు చేశారు. "నొప్పిగా ఉంది." "లైటు తీసెయ్." "ఏమోయ్!" "నువ్వు తిన్నావా?" "భయపడకు." ఎవరూ అడక్కుండానే "ముందుకు జరగండి, లోపల బోలెడు చోటుంది" అని కూడా చెప్పాడు.

అంతవరకూ బాగానే ఉంది. గొంతు పోయిన ప్రతివాళ్లకూ ఇది పనికిరావాలని పిల్ల కోరిక. అందుకని ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకునేలా ఓపెన్ సోర్సులో పెడతానంది. మంచి మనసే, కాదనను. అయితే దాన్ని ఏ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టాలన్న దగ్గర బండి ఆగిపోయింది.

"అదేంటే?" అని అడిగాను.

"స్తంభాలూ దూలాలూ ముందే తయారుచేసి ఇచ్చినట్టత్తా. మనం గోడలు కట్టుకుంటే చాలు."

ఆ స్తంభాల కోసం దాని స్నేహితులంతా మా హాల్లో కూర్చుని కొట్టుకున్నారు. ఒకటి మరీ పాతదట. ఇంకొకటి తేలికేగానీ దాన్ని నమ్ముకుంటే రేపు పట్టించుకునే దిక్కుండదట. ఒకదానిమీద సగం కట్టి, లక్షమంది వస్తే తట్టుకోదని కూల్చేశారు. దూరపు కొండలు నునుపన్నట్టు, ఎక్కడో కొత్తది వచ్చిందని తెలియగానే చేతిలోది చేదయ్యేది. ఈ చదువు చదివేవాళ్లందరికీ ఇదే జబ్బట.

నాకు ఒళ్లు మండింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని! లక్షమంది సంగతి తర్వాత, ముందు మీ నాన్న ఉన్నాడు. ఆ రికార్డులు ఊరికే ఫోన్లో పడేస్తే పోదా?"

"అలా కాదత్తా. ఇప్పుడు సరిగ్గా ఎంచుకోకపోతే తర్వాత మొత్తం మళ్లీ కట్టాలి."

"ఇప్పుడు చేస్తున్నదేంటి మరి?"

అన్నయ్య బొంగురుగా కలగజేసుకున్నాడు. "పోనివ్వవే. ఏ కంపెనీ బస్సయితే ఏంటి, ఎక్కినవాళ్లని దింపితే చాలు." మేం విన్న అతని ఆఖరి మాటల్లో అదొకటి.

చివరికి అన్నిటికన్నా కొత్తది ఎంచుకున్నారు. ఆపరేషనయ్యాక పిల్ల తన లాప్‌టాప్‌లో చూపిస్తే బొమ్మలు రెప్పపాటులో వచ్చాయి, కదిలాయి కూడా. స్నేహితులు చప్పట్లు కొట్టారు. అన్నయ్యది మూల పగిలిన పాత ఫోను. వేళ్లకు అలవాటైందని దాన్ని మార్చనిచ్చేవాడు కాదు. అందులో బొమ్మలు మెల్లగా వచ్చేవి. నొక్కితే ఒకసారి గొంతు వచ్చేది, ఒకసారి ఆగమన్నట్టు తెరమీద చక్రం తిరిగేది. "పరీక్షలయ్యాక తేలిక చేస్తా నాన్నా" అంది. అన్నయ్య అలాగేనని తలూపాడు.

గాయం చెడి జ్వరం ముదిరితే మళ్లీ ఆసుపత్రిలో చేర్చాం. ఆ పొద్దున పిల్ల పరీక్షలో ఉంది. నేను మందులకని కిందికి దిగాను. అన్నయ్య వదినను సైగచేసి దగ్గరికి పిలిచి ఫోను నొక్కాడట. చక్రం తిరిగింది. మళ్లీ నొక్కాడట. మెల్లగా మాట్లాడుతోందేమో అనుకుని వదిన ఫోను చెవికి ఆనించుకుంది. నేను వచ్చేసరికి అలాగే నిలబడి ఉంది.

"ఏదో చెబుతున్నారమ్మాయ్, నాకు వినపడట్లేదు" అంది.

ఫోను తీసి చూస్తే చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. సాయంత్రానికి మా అన్నయ్య పోయాడు.

"ఏ బొమ్మ నొక్కాడమ్మా?" అని పిల్ల అడిగింది. అడిగిందే అడిగింది.

"నేను ఫోను చూళ్లేదే. ఆయన మొహం చూస్తున్నా" అంది వదిన.

పిల్ల నేలమీద కూలబడి ఏడ్చింది. వదిన దాన్ని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

కొన్నాళ్లకు పిల్ల తను కట్టిందంతా కూల్చేసింది. ఈసారి ఏ ఫ్రేమ్‌వర్కూ లేదు. ఉత్త పేజీ, బొమ్మలు, ఫోన్లోనే దాచిన గొంతు. కూర్చున్న చోటి నుంచి లేవకుండా పూర్తిచేసింది. అన్నయ్య ఫోన్లో నొక్కితే వెంటనే పలికింది. "ఇంతేనత్తా. ఇంతే పని" అంది నావైపు చూడకుండా.

ఇప్పుడు ఎవరెవరో తమవాళ్ల గొంతులు పెట్టి దాన్ని వాడుకుంటున్నారు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు, ఇది మరీ పాతపద్ధతి, ఫలానా కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చమని రాస్తారు. "మా నాన్న ఫోన్లో తెరుచుకుంటే మారుద్దాం" అని జవాబిస్తుంది. ఆయన వాడుతున్నాడనే వాళ్లు అనుకుంటారు.

ఆ ఫోను వదిన దగ్గరుంది. పనంతా అయ్యాక కిటికీ పక్క బల్లమీద కూర్చుని రోజుకొక బొమ్మ నొక్కుతుంది. ఇల్లంతా దద్దరిల్లే గొంతయినా చెవికే ఆనించుకుంటుంది. ఒకసారి "ముందుకు జరగండి" అని వస్తే బల్లమీద కాస్త పక్కకు జరిగింది. నేను చూడనట్టు లోపలికి వెళ్లిపోయాను.

నిన్న పళ్లెం బొమ్మ వంతు. "నువ్వు తిన్నావా?" అన్నాడు మా అన్నయ్య.

వదిన నావైపు తిరిగి, "ఇదయ్యుంటుందా అమ్మాయ్?" అంది.

"ఇదే అయ్యుంటుంది వదినా" అన్నాను. మొన్న గ్లాసు బొమ్మకూ అదే చెప్పాను.