మట్టి కలిసిన ఊట

రేపల్లెలో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు మా తహశీల్దారు మేడం ఎవరి గోడునైనా వాళ్ల పక్కన కూర్చునే వినేవారు.

కృష్ణకు వరదొచ్చిన రోజు కరకట్ట కింద కూర్చున్న ఒక కూలి మామ్మ ఆవిణ్ణి ఆపింది. "కట్టలోంచి వచ్చే ఊట నీళ్లు నిన్న తేటగా ఉన్నాయమ్మా. ఇవాళ మట్టి వస్తోంది."

"ఊట మామూలేనండి, కట్టకేం కాదు," అన్నారు మాతో వచ్చిన ఇంజనీరుగారు.

మేడం బురదలోనే మామ్మ పక్కన కూర్చున్నారు. "మీకేమనిపిస్తోంది మామ్మా?"

"భయమేస్తోందమ్మా. లోపల కట్ట కరుగుతున్నట్టుంది."

మేడం వెంటనే కట్ట కింది ఊరు ఖాళీ చేయించారు. కట్ట తెగకపోతే ఆవిడ ఉద్యోగానికే ముప్పని మేమంతా భయపడ్డాం.

మధ్యాహ్నం జనంతో ఆఖరి ట్రాక్టర్ వెళ్లిన కాసేపటికే కట్ట తెగింది. మనుషులంతా దక్కారు.

"మీ ఇల్లెక్కడ మామ్మా?" అని మేడం అడిగారు.

మామ్మ ఎర్రటి నీళ్ల వైపు వేలు చూపించింది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయారు. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి.