గోడమీది వేషం

నా నటజీవితంలో అన్నిటికంటే ఎక్కువకాలం నిలిచిన వేషం నా ఫొటోది.

అంతకుముందు నేను వెయ్యని తల్లి వేషం లేదు. నాకంటే పెద్దవాడైన హీరోకు అన్నం కలిపి పెట్టాను. పోలీసులు అతణ్ణి తీసుకుపోతుంటే జీపు వెంటపడి ఏడ్చాను. కాఫీ పళ్లెంతో వచ్చి, పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారని అలాగే వెనక్కి వెళ్లాను. జమ్మికుంటలో ఉన్న మా అవ్వ ఇవేవీ చూడలేదు. చర్చికి పోయే ఇంట్లో సినిమాలేందని ఆమె పట్టుదల. "నువ్వు ఏడుస్తుంటె చూడనీకి నిన్ను గన్ననా?" అనేది. అవార్డులు ఎలాగూ మనవైపు చూడవు, అవ్వయినా ఒక్కసారి చూసి బాగుందంటే చాలని నాకు మహా ఆశగా ఉండేది.

చివరికి ఒక సీరియల్లో ఇంటి యజమానురాలి వేషం దొరికింది. సంబరపడేలోపే నన్ను మెట్లమీంచి తోసి చంపేశారు. గోడకు పెట్టడానికి ఫొటో కావాలన్నారు. పత్తి ఏరే రోజుల్లో చేను దగ్గర మా నాన్న, మా బాపు, తీసినది ఇచ్చాను. దండ వేసి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టారు. ఆ రోజునుంచి కోడళ్లు నా ముందే కుట్రలు పన్నుతారు, నా ముందే వలవలా ఏడుస్తారు. నేను నవ్వుతూనే ఉంటాను. డైలాగు మరిచిపోయే భయం లేదు.

పక్కింటామె మోసుకొచ్చిన వార్త విని అవ్వ ఫోను చేసింది.

"బతికున్న బిడ్డకు దండేసిండ్రా? మనిండ్లల్ల ఫొటోకు బొట్టు వెడ్తరా?"

దులిపేసింది. కానీ ఆ సాయంత్రం నుంచే చూడ్డం మొదలుపెట్టింది. "గా కోడలు అడ్డం నిలవడ్డది, నా బిడ్డ కనవడ్తలేదు" అని నాకే ఫిర్యాదులు. ఒకరోజు, "నవ్వు మంచిగున్నది బిడ్డా. మీ బాపు మంచిగ తీసిండు" అంది. గ్లిజరిన్ లేకుండానే ఏడ్చాను.

కొన్నాళ్లకు సెట్టుకు కొత్త రంగులు వేసి ఫొటో తీసేశారు. "నిన్నేడ వెట్టిండ్రు?" అని అవ్వ పరేషాన్ అయింది. వేషం కోసం ఎవరినీ అడగని నేను డైరెక్టరు దగ్గరికి వెళ్లాను.

"ఇప్పుడా ఫొటో ఎవరడుగుతారండీ?" అన్నాడు.

"మా అవ్వ అడుగుతది."

రేటింగుల్లో అవ్వ లెక్కకు రాదు. అయినా పాపమనుకున్నాడేమో, మెట్ల పక్కన ఒక మూల మేకు కొట్టించాడు. ఎవరైనా మెట్లు దిగితే తప్ప కెమెరా అటు పోదు.

సీరియల్ అయిపోగానే అవ్వ ఫోను.

"మెట్ల కాడున్నవు బిడ్డా, చూసిన. ఎవలన్న దిగుతెనే కనవడ్తున్నవు." అంది. "జర ఊకె దిగుమని చెప్పరాదు వాళ్లకు."