పవర్ అంటే కరెంటు కాదని చెప్పిన ప్రభుదాసు సార్

దగ్గరికి జరిగి కూర్చోండ్రి. ఏసీ చప్పుడులో నా మాట కలిసిపోతది, ఇంకొంచెం ఇటు జరగండ్రి. ఇది గట్టిగా చెప్పే ముచ్చట కాదు.

మా ప్రభుదాసు సార్ ఇక లేరు. పోయిన శుక్రవారం పొద్దున, ఈ ఖతర్‌లోనే ముఐథర్‌లో తన గదిలో, క్లాసు కోసం కుర్చీలు వేసి, బోర్డు తుడిచి, మేము వచ్చేలోపలే కన్నుమూశారు. గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. నేను తలుపు తోసేసరికి తల గోడకు ఆనించి కూర్చునే ఉన్నారు. "సార్, చాయ్ తెచ్చిన" అన్నాను. పలకలేదు. ఫ్లాస్కు కింద పెట్టి దగ్గరికి పోయాను. అప్పుడు నాకు దుఃఖం కన్నా ముందు భయం పుట్టింది. ఎందుకంటే ఆ వారమంతా మేము ఒక చెడ్డ కబురు కోసం చెవులొగ్గి ఉన్నాం. వచ్చింది అది కాదు, ఇది.

ఆయన పేరున సంస్మరణ సంచిక వేస్తున్నాం, నువ్వూ రాయమ్మా అని చర్చి పెద్దలు అడిగారు. ఆయన విద్వత్తు గురించి చదువుకున్నవాళ్లు రాస్తారు. నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది రాశాను, అదే మీకు చదివి వినిపిస్తున్నాను.

ఆయనది రాజోలు పక్కన ఊరు. అక్కడ జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్, అదీ తెలుగు మీడియంలో. కాలేజీ మూతపడితే ఖతర్ వచ్చి ఒక ఆఫీసులో ఫైళ్లు సర్దే పనిలో చేరారు. భార్య ముందే పోయింది. ఒక్క బిడ్డ, రాజమండ్రిలో నర్సు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎంత ఎండలోనైనా ఫుల్ చేతుల చొక్కానే, గుండీలు మణికట్టు దాకా పెట్టుకునేవారు. గోదావరి వాళ్లు ఆయనను మాస్టారు అనేవారు, జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మేము సార్ అనేవాళ్లం. రెండింటికీ ఒకే తీరుగా "ఆఁ, చెప్పండి" అనేవారు. నేను అల్ రయ్యాన్‌లో ఒక విల్లాలో వంట చేస్తాను, మా ఆయన నర్సయ్య అదే ఇంట్లో డ్రైవరు. మేడం చెప్పే ఇంగ్లీషు తెలిస్తే చాలని, సార్ తన గదిలో శుక్రవారం పెట్టే ఇంగ్లీషు క్లాసుకు పోవడం మొదలుపెట్టాను.

పోయాక తెలిసింది, సార్‌కే ఇంగ్లీషు అంతంతమాత్రం! షాపులో అల్లం కావాలంటే వేలు పెట్టి చూపించేవారు. కానీ వీటో, ఇంపీచ్‌మెంట్, చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ అనే మాటలు మాత్రం ఆయన నోట్లోంచి నీళ్లు జారినట్టు జారేవి. ఒకనాడు అడిగేశాను, గిదేం ఇంగ్లీషు సార్ అని. ఆయన నవ్వలేదు. "నేనూ పరాయి భాషలాగే నేర్చుకున్నానమ్మా గంగమణీ. అధ్యక్ష తరహా ప్రజాస్వామ్యం పాఠం ఒక్కటీ ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చి, ఏడాది పాటు నిద్ర మానుకుని చదివాను. నాకున్న ఇంగ్లీషంతా ఆ పాఠంలోనే ఉంది. లేనిది మీకెలా పెట్టను? ఉన్నదే పెడతాను."

అట్లా మేము ఇంగ్లీషు కోసం పోయి రాజ్యాంగం నేర్చుకున్నాం. పాఠం మొదలుపెట్టే ముందు ఆయన కిటికీ వేసేవారు. "ఇది ఎక్కడో ఉన్న దేశం గురించి. ఇక్కడి వాళ్ల గురించి మనం ఒక్క మాటా అనడం లేదు" అని ప్రతిసారీ చెప్పేవారు. వేడికి గది ఉడికిపోయినా ఆ కిటికీ తెరవనిచ్చేవారు కాదు.

మా క్లాసులో రాజేశమని సిరిసిల్ల దిక్కు మనిషి ఉన్నాడు. కంపెనీ క్యాంపులో ఉంటాడు, కరెంటు పని. ఒకనాడు సార్ అడిగారు, "ప్రెసిడెంట్ అంటే ఎవరు?"

"పెద్ద ముదీర్ సార్" అన్నాడు రాజేశం. ముదీర్ అంటే ఇక్కడి అరబ్బీలో మేనేజరు. గదంతా నవ్వింది.

"మీ ముదీర్‌ని మీరు పెట్టుకున్నారా?"

"లే సార్, ఆయననే మమ్ముల పెట్టుకున్నడు."

"అదే తేడా. ప్రెసిడెంట్‌ని జనం ఓటేసి పెట్టుకుంటారు. గడువు తీరితే దిగిపోవాల్సిందే. చట్టం చేసే సభలో ఆయనకి కుర్చీ లేదు. తీర్పు చెప్పే చోట అసలే లేదు. చేసేవాడు ఒకడు, నడిపేవాడు ఒకడు, తప్పొప్పులు తేల్చేవాడు ఇంకొకడు. దీన్నే అధికార పృథక్కరణ అంటారు."

ఆ మాట పలకబోయి నా నాలుక మడతపడింది. "సార్, ఈ తెలుగు మాకు రాదు. ఇంగ్లీషులనే చెప్పుండ్రి" అన్నాను. ఆయన బోర్డు మీద పెద్ద అక్షరాలతో సెపరేషన్ ఆఫ్ పవర్స్ అని రాశారు.

రాజేశం లేచి నిలబడ్డాడు. "గిది నాకెర్కే సార్! ఏసీ లైన్ వేరు, కిచెన్ లైన్ వేరు, లైట్లది వేరు. అంత ఒక్కదాని మీదనే ఏస్తే కాలిపోతది."

సార్ పడీపడీ నవ్వారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పవర్ అంటే కరెంటు కాదురా, అధికారం. అయినా నువ్వు చెప్పిందీ నిజమే, అంతా ఒక్కదాని మీద వేస్తే కాలిపోతుంది." ఆ పూట అందరితో ఒక వాక్యం వల్లె వేయించారు. పవర్ మస్ట్ బి సెపరేటెడ్. నాట్ ఇన్ వన్ హ్యాండ్.

రాజేశానికి ఆ వాక్యం మీద మోజు పుట్టింది. క్యాంపులో పొద్దున్నే బాత్రూం లైన్లో నిలబడి అదే అనేవాడు, బస్సులో అదే అనేవాడు. "ఏందిరా, పొద్దుపొద్దున మంత్రం?" అని పక్కోళ్లు నవ్వితే, "మంత్రం కాదు, ఇంగ్లీష్" అనేవాడు. అందరూ నవ్వారు. నవ్వనివాళ్లు కూడా ఒకరిద్దరు విన్నారని తర్వాత గదా తెలిసింది.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం బయట పని ఆపే రోజులవి, మనుషులంతా క్యాంపులోనే ఉన్నారు. ఆ వేళ రాజేశం వాళ్ల బిల్డింగులో కరెంటు పోయింది. ఏసీలన్నీ ఒక్కసారే ఆగాయి. పైగదిలో ఒకాయన సొమ్మసిల్లి పడిపోతే ఆస్పత్రికి ఎత్తుకుపోయారు. ప్రాణం దక్కింది, కానీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి గదా. క్యాంప్ బాస్ సుధాకర్ మన తెలుగాయనే. అక్కడ రూలు పెట్టేది ఆయన, గదులు వెతికేది ఆయన, ఎవరికి ఏం చేయాలో చెప్పేదీ ఆయనే. ఎవరో ఆయన చెవిలో వేశారు: రాజేశం కరెంటు పనోడు, రోజూ పవర్‌ను సెపరేట్ చెయ్యాలె అని తిరుగుతుండు.

రాజేశం ఫోన్ గుంజుకుని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. సాయంత్రం పెద్ద ఇంజినీరు వస్తాడు, కావాలని లైను తీసేసిండని పోలీసులకు అప్పజెప్తారు అని మాట పుట్టింది. ఈ దేశంలో ఆ నింద పడితే మనిషి ఎప్పుడు బయటికొస్తాడో చెప్పలేం. అతని రూమ్మేటు సార్‌కు ఫోన్ చేశాడు. సార్ నర్సయ్యకు చేశారు, "బండి దొరుకుతుందా?" అని.

నేనూ కారులో ఉన్నాను. దుమ్ము లేచి రోడ్డు పక్క దీపాలు ఎర్రగా మసకగా కనబడుతున్నాయి.  సార్ అన్నారు, "ఒకే మాటకి రెండు అర్థాలొచ్చి పడ్డాయి, నర్సయ్యా. పవర్ అంటే కరెంటని ఊరుకుంటే రాజేశం మునుగుతాడు. అధికారమని చెబితే నేను మునుగుతాను. పనివాళ్లని కూడేసి రాజకీయం చెబుతున్నాడంటారు."

"మూడోదేమన్న చెప్పుండ్రి సార్" అన్నాడు మా ఆయన.

"మూడోది అబద్ధం."

క్యాంపులోకి ఆడవాళ్లను రానివ్వరు, నేను కారులోనే ఉండిపోయాను. లోపలి సంగతి నర్సయ్య చూసి చెప్పిందే. సుధాకర్ గుమ్మంలోనే అడ్డుపడ్డాడంట. "మాస్టారూ, మీకెందుకండీ ఈ గొడవ? పెద్దవారు, వెళ్లిపోండి. నేను చూసుకుంటాను కదా."

"మీరే పట్టుకున్నారు, మీరే తప్పు తేల్చారు. ఇంకా చూసుకునేది ఏముంది బాబూ?" అని సార్ ఇంజినీరు ముందుకు నడిచారు.   తన పాఠంలోని ఇంగ్లీషులోనే చెప్పారు, ఈ వాక్యం నేను నేర్పాను సార్, ఇందులో పవర్ అంటే ఎలక్ట్రిసిటీ కాదు, గవర్నమెంట్ అని.

ఇంజినీరు తల ఎత్తాడు. "గవర్నమెంట్? విచ్ గవర్నమెంట్?"

"నో గవర్నమెంట్ హియర్ సార్. టెక్స్ట్‌బుక్. ప్రెసిడెన్షియల్ డెమోక్రసీ."

 "నా వర్కర్లకు పాలిటిక్స్ చెబుతున్నావా?" అని ఇంజినీరు మెల్లగా అడిగాడంట. ఆ మెల్లగా అడగడమే భయం పుట్టించిందంట.

"ఇంగ్లీష్ చెబుతున్నాను సార్. నాకు వచ్చిన ఇంగ్లీష్ అదొక్కటే." ఆ తర్వాత ఇంకొక్క మాట అన్నారు: నింద వేసినవాళ్లే విచారణ చెయ్యకూడదు, వేరే మనిషిని పంపి కరెంటు బోర్డు చూపించండి అని.

ఇంజినీరు ఇంకో బిల్డింగు నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ఆ మనిషి బోర్డు విప్పి చూసి చెప్పాడు, అన్ని గదుల ఏసీలూ ఒకే లైను మీద వేసి ఉన్నాయి, వేడికి తీగ కాలిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు అని. రాజేశాన్ని వదిలేశారు. కానీ సార్ బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, అడిగి తీసుకుని ముందూ వెనకా ఫోటో తీసుకున్నారు. "వి విల్ కాల్ యు" అన్నాడంట ఇంజినీరు. అంతే.

రాజేశం కారు దాకా వచ్చి కిటికీ పట్టుకుని ఏడ్చాడు. "నన్ను ఇడిపిచ్చి మీరు ఇరుక్కున్నరు గద సార్!"

"తీర్పు రాకుండానే శిక్ష వేసుకుంటావేంట్రా? ముందు అన్నం తిను" అన్నారు సార్. మా వెనక సీట్లో కూర్చుని దారంతా తన ఫోన్ రెండు చేతుల మధ్య పెట్టుకుని చూస్తూనే ఉన్నారు.

తెల్లారి కంపెనీ ఆఫీసు నుంచి ఒకసారి పిలుపు వచ్చింది. ఏం క్లాసు, ఎవరెవరు వస్తారు, పేర్లు చెప్పమన్నారంట. "ఏం చెప్పిన్రు సార్?" అని అడిగితే, "నాకు అంత ఇంగ్లీషు రాదని చెప్పాను" అన్నారు. మేము నవ్వాం. ఆయనా నవ్వారు, కానీ కంటి కింద నీడ పడింది. మళ్లీ పిలుస్తామన్నారంట. ఆ రోజు నుంచి సార్ ఉండే సందు మొదట్లో ఒక తెల్ల కారు నిలబడి ఉండేది. పక్కింటివాళ్లదే కావచ్చు. కానీ భయం పట్టినవాళ్లకు ప్రతి కారూ ఒక కబురే. ఈ శుక్రవారం ఎవరూ రావద్దు అని సార్ ఫోన్ చేశారు. వస్తం అన్నాను.  "అయితే చాయ్ తేమ్మా, కుర్చీలు వేసి ఉంచుతాను" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరు మాట అదే.

తర్వాత ఆస్పత్రి, కాగితాలు, రాజమండ్రిలో బిడ్డ ఏడుపు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆదివారం మధ్యాహ్నం ఆయన సామాను సర్దడానికి ముగ్గురమూ ఆ గదికి పోయాం, నేను, నర్సయ్య, రాజేశం. చొక్కాలు మడత పెడుతుంటే ఛార్జర్‌కు పెట్టి ఉన్న సార్ ఫోన్ మోగింది. నంబరు చూడంగనే రాజేశం మొహం తెల్లబోయింది. అది వాళ్ల కంపెనీ ఆఫీసుదే.

"ఒదిలెయ్, మోగి మోగి అదే ఊకుంటది" అన్నాడు నర్సయ్య.

ఫోన్ మోగుతూనే ఉంది. రాజేశం చేతులు పంచెకు తుడుచుకున్నాడు. నేను వద్దని సైగ చేశాను. అతని కొలువు ఆ కంపెనీదే, గది ఆ కంపెనీదే, వీసా ఆ కంపెనీదే. ఊకుంటే ఎవరూ ఏమీ అనరు, సార్‌తోనే ఆ సంగతి మట్టిలో కలిసిపోతది. అతను ఫోన్ ఎత్తాడు, స్పీకర్ పెట్టాడు. అవతలి గొంతు ఇంగ్లీషులో అడిగింది, ప్రభుదాసు రేపు ఆఫీసుకు రావాలి, క్లాసుకు వచ్చేవాళ్ల పేర్లు తేవాలి అని.

"సార్ ఈజ్ నో మోర్, సర్" అన్నాడు రాజేశం.  "ఐ యామ్ హిజ్ స్టూడెంట్. యు వాంట్ నేమ్? ప్లీజ్ రైట్. మై నేమ్ ఈజ్ రాజేశం." అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు, ఒక్కటీ తప్పు పోకుండా.

 అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు. ఇది రాసేనాటికి మళ్లీ ఎవరూ పిలవలేదు. పిలుస్తారో లేదో తెలియదు. రాజేశం డ్యూటీకి పోతున్నాడు, వస్తున్నాడు. రోజూ సాయంత్రం వచ్చాను అని నాకు ఒక మెసేజ్ పెడతాడు, అది వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

అటువంటి గురువు మాకు మళ్లీ దొరకడు. భాష రాని చోట, భయం ఉన్న చోట, తనకున్న ఒక్క పాఠాన్నే మా చేతుల్లో పెట్టి పోయిన ఆ మహనీయునికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఇంతసేపు దగ్గర కూర్చుని విన్న మీ ఇల్లు చల్లగుండాలె. మీ ఇంట్లో తప్పు పట్టే నోరూ, తీర్పు చెప్పే నోరూ ఒక్కటి కాకుండుగాక. మీ పిల్లలు ఎవరు అడిగినా, ఎంత మెల్లగా అడిగినా, తమ పేరు తాము చెప్పుకోగలుగుదురు గాక.